రూతమ్మ మేక మేయగా మిగిలిన తోట

అనంతపురం జిల్లా పెనుకొండలో కొండ కింది వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు చౌడప్ప గారి కుమారుడు సుంకప్ప అనే నేను, డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా అనంతరం నా ఆస్తి ఎవరికి ఎట్లా చెందాలో చెప్పి రాయించిన మరణశాసనం ఇది. నా మతి స్థిమితంగా ఉందా అని ఎవరికైనా అనుమానముంటే నా పెరటి తులసిని అడగవచ్చు. ఈ ఊరి మనుషుల సాక్ష్యం కంటే దాని మాట మీద నాకు గురి ఎక్కువ.

రాస్తున్నది దస్తావేజు లేఖరి హనుమప్ప. "ఏమప్పా, తులసి సంగతి వీలునామాలో రాస్తే ఆఫీసులో నవ్వుతారు" అని మొదటి పేరాకే కలం కింద పెట్టాడు. చెప్పింది రాయడమే అతని పని గనుక ఈ మాట కూడా రాయమన్నాను.

1. నా వృత్తి గురించి. ఊళ్ళో కొందరు నన్ను నాటువైద్యుడంటారు, కొందరు దొంగస్వామి అంటారు, మిగిలినవాళ్ళు ఆకుల పిచ్చోడంటారు. ముగ్గురిదీ తప్పే. నేను చెట్టుచేమల మంత్రగాణ్ణి. దయ్యాలతో నాకు పరిచయం లేదు, చేతబడి చేతకాదు. మొక్కతో మాట్లాడితే అది నాకు బదులు చెబుతుంది. పరిగి వైపు మొక్కలకు కన్నడంలో చెప్పుకోవాలి, ధర్మవరం వైపువి తెలుగు తప్ప వినవు. నా తలపాగాలో చుట్టుకున్న తిప్పతీగ మన్ను లేకుండా ఇన్నేళ్ళుగా చిగుళ్ళు వేస్తున్నదంటే అది గాలివాటం కాదు.

2. నా పద్ధతి గురించి. రోగి కోసం ఇంటివాళ్ళో ఇరుగుపొరుగువాళ్ళో ఎవరైనా ముందురోజు సాయంత్రం నా పెరట్లోకి వచ్చి మొక్కకు పసుపు దారం కట్టాలి. రోగి పేరు, ఊరు చెప్పి, ఫలానా బాధకు నిన్ను తీసుకుంటాము, ఒప్పుకుంటావా అని అడగాలి. తెల్లవారి చూస్తే ఆకులు ముడుచుకుని ఉంటే కుదరదని అర్థం. దారం వైపు తల తిప్పి ఉంటే సరేనన్నట్టు. అప్పుడే నేను ఇనుము తగలకుండా కొయ్యముక్కతో తవ్వుతాను. ఎవరి పేరు చెబితే మందు వాళ్ళకే పనిచేస్తుంది. తన కోసం తాను అడగకూడదు. నా కోసం అడిగిపెట్టు అని ఇంకొకరిని పురమాయించనూ కూడదు. అడిగేవాళ్ళకు తమంతట తాము తోచాలి. ఈ సంగతి పెనుకొండలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలుసు అన్న మాట ఇక్కడ గట్టిగా రాయించుకుంటున్నాను. ఎందుకో తొమ్మిదో అంశంలో చెబుతాను.

3. ఆస్తి వివరం. ఒక రేకుల ఇల్లు, దాని వెనక పెరడు, పెరట్లోని మొక్కలన్నీ. ఇంటికీ పెరటికీ కలిపి చెక్కుబందీ: పడమర కొండ, ఉత్తరం నడిచే దారి, దక్షిణం ఎదురింటి చెన్నప్ప కల్లం. తూర్పున రూతమ్మ ఇల్లు, దాని ముందు ఆమె మేక. తూర్పు హద్దు మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు.

4. హిందూపురంలో దేవేంద్ర కేశామృత నిలయం నడుపుతున్న నా మేనల్లుడు దేవేంద్రకు నా తోటలో ఎండుటాకు కూడా చెందదు. 1998లో నేను కదిరి వైపు మూలికలకు వెళ్ళిన రోజు చూసి, నా గుంటగలగర మొక్కలన్నిటికీ దారాలు కట్టి, రోగి పేరు చెప్పవలసిన చోట తన అంగడి పేరు చెప్పాడు. మొక్కలు నిజాయితీ గలవి. అడిగిన పేరుకే ఇచ్చాయి. అతని నూనె రాసుకున్న వాళ్ళకు ఒక్క వెంట్రుకా మొలవలేదు గానీ, అంగడి షట్టరుకు మాత్రం నేల తాకేంత జుట్టు పెరిగింది. బోర్డుకు మీసాలు వచ్చాయి. మంగలిని పిలిపించి కత్తిరిస్తే వారం తిరక్కుండా మళ్ళీ పెరిగేది. సిగ్గుపడవలసింది పోయి, దానికి జడ వేయించి, ఆ జడ ఫొటో సీసాల మీద అంటించి, పైన నా ఫొటో వేసి అమ్మాడు. వెళ్ళి నిలదీస్తే "మామా, బిజినెస్సు అంటే అంతే గదా, ఊరికే కోపం చేసుకుంటాండావు" అన్నాడు. ఆ మొక్కలను నేను టైఫాయిడ్‌లో జుట్టంతా రాలిపోయిన సంగీత అనే పిల్ల కోసం పెంచాను. తలకు గుడ్డ కట్టుకుని బడికి పోయిన ఆ పిల్లను తలుచుకుంటే ఇవాళ్టికీ నా కడుపు మండుతుంది. నా గూట్లోని పాత కత్తెర దేవేంద్రకు ఇస్తున్నాను. షట్టరుకు వాడుకోవచ్చు.

5. దేవేంద్రను కన్నందుకు నా అక్క మీద నాకు కోపం లేదు. తనకల్లులో ఉంటున్న ఆమెను అందరూ పెద్దక్క అనే పిలుస్తారు, నేనూ అంతే. మా అమ్మ నాటిన మరువం కుండీ ఆమెకు చెందుతుంది. పొద్దువాలే వేళ దాన్ని అరచేత్తో నిమిరితే, చేను నుంచి ఇల్లు చేరిన మా అమ్మ తల వాసన వస్తుంది. మిగతా సమయాల్లో మామూలు మరువమే. "యాడికి పోయినా ఆకులే గదరా నీకు, అక్క గుర్తుండాదా" అని ఎప్పుడూ దెప్పిపొడిచేది. గుర్తుంది అక్కా. కుండీకి నీళ్ళు ఎక్కువ పోయవద్దు.

6. తొంభైల్లో కొండ మీద నీలగిరి మొక్కలు నాటించిన అధికారి గురించి. పేరు రాయను, నోరు పాడు చేసుకోను. కొండకు ఇష్టం లేదు, నీళ్ళన్నీ తాగేస్తాయి అని కాళ్ళావేళ్ళా పడి చెప్పాను. వినలేదు. అందుకని మొక్కలకే చెప్పాను. అవి మర్యాద తెలిసినవి. వేళ్ళు పైకి లాక్కుని, మట్టి దులుపుకుని, దిగి వచ్చి తెచ్చిన లారీలోనే ఎక్కి కూర్చున్నాయి. నేను పీకేశానని కేసు పెట్టాడు ఆ మహానుభావుడు. నా చేతులు చూపించాను, మట్టి లేదు. చివరికి గాలికి పడిపోయాయని రాసుకున్నారు. గాలికి పడిన మొక్క లారీ ఎక్కుతుందా అని అడిగే దిక్కు లేకపోయింది. నా ఇంటి ముందరి వయ్యారిభామ గడ్డి మొత్తం ఆయనకు దఖలు పరుస్తున్నాను. ఎక్కడి నుంచో వచ్చిన ఆ గడ్డికి తెలుగూ రాదు, కన్నడమూ రాదు. ఇద్దరికీ బాగా కుదురుతుంది.

7. నా వావిలి కర్ర హిందూపురం బస్సు కండక్టరు తిరుపాల్‌కు చెందుతుంది. మూలికల మూటలతో ఎక్కితే ప్రతివాడూ ముక్కు మూసుకుని టాపు మీదకు పొమ్మనేవాడు. తిరుపాల్ ఒక్కడే "మొక్కలు గూడా కూర్చోవల్ల గదబ్బా, రోంత జరగండి" అని నాకూ వాటికీ చోటు చూపించేవాడు. 1996 వానల్లో సోమందేపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా పడిన తుమ్మచెట్టును లేపింది ఈ కర్రే. తాకించి, దారివ్వు తల్లీ అన్నాను, చెట్టు లేచి పక్కకు వెళ్ళి నిలబడింది. బస్సు నిండా జనం చూశారు. మరుసటి రోజు పేపర్లో క్రేనుతో తొలగించారని పడింది. ఆ రోజు సోమందేపల్లిలో క్రేను లేదు. తొలకరికి కర్ర చిగురిస్తుంది, చిగుళ్ళు తుంచవద్దు. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా తిరుపాల్‌దే.

8. తూర్పు హద్దు మేక గురించి. రూతమ్మ రోజూ పాసింజరు రైలుకు ధర్మవరం పోయి మగ్గాల దగ్గర పట్టు దారం చుట్టే పని చేస్తుంది. ఆమె అటు పోగానే మేక ఇటు వస్తుంది. అది తిన్నవి: నేలవేము, సరస్వతి ఆకు, ఆరేళ్ళు బతిమాలితే పూసిన తెల్ల ఉమ్మెత్త. ఉమ్మెత్త తిన్నా దానికి ఏమీ కాలేదు, అదే నాకు మరీ మంట. సరస్వతి ఆకు తిన్నప్పటి నుంచి గొళ్ళెం తీయడం కూడా నేర్చుకుంది. రూతమ్మకు చెబితే "నోరు లేని జీవమన్నా, నీకు ఆకు ముఖ్యమా జీవం ముఖ్యమా" అంటుంది. ఆకు జీవం కాదా అని నేను. ఇన్నేళ్ళుగా మా మధ్య వేరే మాట లేదు. పక్కిల్లు గనుక, సంతకం చేయడం వచ్చు గనుక, అబద్ధమాడదు గనుక ఆమెను మొదటి సాక్షిగా పెట్టుకుంటున్నాను. అంతకు మించి ఆమెకు ఏమీ చెందదు. మేకకు అసలే చెందదు.

9. ముఖ్యమైన అంశం. పోయిన వేసవి నుంచి నాకు ఆయాసం. గడప దాటితే నిలబడి ఊపిరి కూడదీసుకోవాలి. హిందూపురంలో చూపించుకుంటే గుండె అలసిపోయిందన్నారు. దానికి మందు నా పెరట్లోనే ఉంది. కోటగోడ రాళ్ళ సందులో దొరికిన ఊపిరితీగ, నాకు తెలిసినంతలో భూమ్మీద అది ఒక్కటే. పిల్లల ఆయాసానికి దాని ఆకు చాలు. ముసలి గుండెకు మాత్రం తల్లివేరు కావాలి.

ఈ ఊళ్ళో ఆ తీగ ఆకు మింగి బతికిన పిల్లలు లేని వీధి లేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు నా ఎదుటే దారం కట్టినవాళ్ళు, అడిగే పద్ధతి తెలిసినవాళ్ళు. నేను అరుగు మీద కూర్చుని రొప్పుతుంటే పక్కనుంచే పోతూ "ఏమప్పా, బాగుండావా" అంటారు. బాగా లేనని కనబడుతూనే ఉంది. మంత్రగాడికి రోగమేమిటి, వాడే చూసుకుంటాడులే అనుకున్నారు. అడగమని నోరు తెరిచి చెప్పడానికి నాకు లేదు. రోజూ పొద్దున లేచి తీగ మొదలు చూసుకుంటాను. ఇంతవరకు ఒక్క దారం లేదు. వేరు తీసుకోవడం, తీసుకోకపోవడం నా ఇష్టం. అడగడం మీ పని. ఆ పని మీరు చేయలేదు. నాకు కోపంగా ఉంది, దాని కింద ఏడుపుగా ఉంది, రెండూ రాయి హనుమప్పా.

అందుచేత నా అనంతరం ఈ తోట ఎవరికీ చెందదు. తిరుపాల్ వచ్చి కంచె పీకేయాలి. ఏ మొక్కకు ఎటు పోబుద్ధయితే అటు నడిచిపోవచ్చు, వాటితో ముందే మాట్లాడి ఉంచాను. ఊపిరితీగను మాత్రం తీసుకుపోయి కోటగోడ మీద మనిషి ఎక్కలేని చోట వదిలిపెట్టాలి. ఆకు కావలసినప్పుడు ఈ ఊరు తల ఎత్తి చూడాలి.

ఇంతవరకు రాసేసరికి మధ్యాహ్నం దాటింది. మొదటి సాక్షి ధర్మవరం నుంచి ఇంకా రాలేదు గనుక సంతకాలు రేపు పొద్దున అని హనుమప్ప వెళ్ళిపోయాడు.

10. మరునాడు ఉదయం చేర్చిన అంశం. నిన్న సాయంత్రం రైలు దిగి వచ్చిన రూతమ్మకు హనుమప్ప దారిలో ఎదురై, రేపు సుంకప్ప వీలునామాకు సాక్షి సంతకం పెట్టాలమ్మా అని చెప్పాడట. నేనైతే ఆమె వాకిట్లోకి రాగానే మేక గొళ్ళెం సంగతి ఎత్తి కేకలేశాను. ఆమె మేకను కట్టేసి లోపలికి పోయింది.

ఈ పొద్దున ఊపిరితీగ మొదట్లో దారం ఉంది.

పసుపు దారం కాదు. ధర్మవరం పట్టుపోగు, చీర అంచుకు వాడే ఎర్రది. కట్టింది కూడా మన ముడి కాదు, మగ్గం మీద తెగిన పోగును కలిపే ముడి. పద్ధతి ప్రకారం చూస్తే అన్నీ తప్పులే. ఆమె ఏమని అడిగిందో తీగ నాకు చెప్పింది. ఉన్నదున్నట్టు రాయిస్తున్నాను: "చూడమ్మా తీగా, నాకు మీ మంత్రాలు రావు. పేరు సుంకప్ప, ఊరు ఇదే. మా మేకను తిట్టేదానికైనా ఆ మనిషి ఉండల్ల. ప్రభువు పేరట అడుగుతాండా, ఆమెన్."

తీగ ఒక్క ఆకు కూడా మిగల్చకుండా మొత్తంగా దారం వైపు తిరిగి ఉంది. అంత తొందరగా ఒప్పుకోవడమేమిటని దాన్ని కూడా కోప్పడ్డాను.

హనుమప్ప కలం కింద పెట్టాడు. ఈసారి నేను తొందరపెట్టలేదు.

ఇప్పుడు నా నిర్ణయం. తల్లివేరు తవ్వకూడదు. నా బదులుగా ఆ తీగ పోతే రేపు వానాకాలంలో రొప్పే పిల్లలకు ఆకు ఉండదు. అడిగారు, అది ఒప్పుకుంది, నేను వద్దనుకున్నాను. ముగ్గురమూ మర్యాదగానే నడుచుకున్నాం. తొమ్మిదో అంశంలో కంచె పీకడం, తీగను గోడ మీద వదలడం రద్దు. తోట మొత్తం, ఊపిరితీగతో సహా, సర్వహక్కులతో రూతమ్మకు చెందుతుంది. అడగడం తెలిసిన మనిషి కనబడింది గనుక ఇక తోట ఎక్కడికీ నడవనవసరం లేదు. ఊళ్ళో ఎవరొచ్చి ఆకు అడిగినా ఇవ్వాలి, నా మీద దయ చూపనివాళ్ళకు కూడా. వాళ్ళ మీద కోపం నాతోనే ఉంచుకుంటాను, అది ఆస్తి కాదు.

ఎనిమిదో అంశంలో మేక మీద చెప్పినవన్నీ నిజమే. అయినా కొట్టివేయాలి.

ఇది నా ఇష్టపూర్వకంగా రాయించి, చదివించుకుని విని, ఒప్పుకుని సంతకం చేశాను.

పెనుకొండ, 2004 సెప్టెంబరు 17
(సంతకం) సుంకప్ప

సాక్షులు:
1. రూతమ్మ. పేరు కొట్టివేయడమైనది. ఆస్తి పొందేవారు సాక్షి సంతకం చేయడం మంచిది కాదని లేఖరి చెప్పినందున. కారణం ఇప్పుడే ఆమెకు చెప్పకూడదు, నేను పోయాక చదివి వినిపించాలి. ఆమె బదులు టీ అంగడి జయరాముడు.
2. ఎదురింటి చెన్నప్ప.

రాసినవారు: దస్తావేజు లేఖరి హనుమప్ప. సంతకాలు జరుగుతుండగా మేక గొళ్ళెం తీసుకుని లోపలికి వచ్చి నేలవేము దగ్గర నిలబడింది. రాయించినవారి ఆజ్ఞ ప్రకారం దాన్ని ఎవరూ తోలలేదు.