కిటికీ పక్కన మిషను

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేం కులాసా, అక్కడ నువ్వూ అల్లుడూ బాగున్నారని అనుకుంటున్నాను. మేం అని రాశాను చూడు. మీ పెద్దమ్మ పోయినా చెయ్యి పాత అలవాటు మానుకోలేదు.

మోకాలు ఎలా ఉందని అడిగావు. కుట్టుమిషను తొక్కినంతసేపూ బాగుంటుంది, లేవబోతే మొరాయిస్తుంది. పైకప్పు కారడం ఆగింది. మన కుట్టుషాపుకు ఇంకా కబుర్లకే వస్తున్నారా అన్నావు. వస్తున్నారు. మధ్యాహ్నం కాగానే డ్యూటీ దిగిన నర్సమ్మ, దిద్దాల్సిన పేపర్లతో టీచరమ్మ, ఊరందరి వార్తలూ మోసుకుని మన రేడియో పిన్ని. చేతిలో చిరిగిన గుడ్డ ఒకటుంటే చాలు, కూర్చోవడానికి అదే సాకు. కిటికీ పక్కన పెద్దమ్మ మిషను దగ్గర మాత్రం ఎవరూ కూర్చోరు.

షాపు అమ్మేసి నీ దగ్గరికి వచ్చేయమన్నావు. దానికి జవాబు రాయాలంటే, నీ దగ్గర దాచిన సంగతి ఒకటి ముందు చెప్పాలి.

పెద్దమ్మకు ఏ జోకైనా ఆలస్యంగా ఎక్కేదని నీకు తెలుసుగా. అందరం నవ్వి ఊరుకున్నాక, తీరిగ్గా కిసుక్కున నవ్వేది. ఆమధ్య, ఆవిడ పోయాక, ఒక వానరోజున నర్సమ్మ ఆసుపత్రి కబురు చెప్పింది. మత్తు వదలని రోగి ఒకాయన డాక్టరుగారిని "ఏమే" అని పిలిచి, కూరలో ఉప్పెక్కువైందని తిట్టాడట. పగలబడి నవ్వాం. నవ్వులు ఆగాయి. అప్పుడు కిసుక్కుమని ఇంకో నవ్వు వినిపించింది. రేడియో పిన్ని మూగబోయింది. గొడుగులు కూడా మరిచిపోయి ముగ్గురూ వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లు షాపులో నేనూ, రెండు మిషన్లూ.

చివరికి నర్సమ్మ ఒక్కతే వచ్చింది.

"అక్కా, ఏమనుకోకు. ఆ నవ్వు నీ నోట్లోంచే వచ్చిందేమో."

"నేను నవ్వలేదే."

"నీకు తెలియకుండానే నవ్వి ఉంటావు. ఇన్నేళ్లు పక్కపక్కనే కూర్చున్నారు కదా."

అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకున్నాను. నా నవ్వే వచ్చింది. అయినా దుఃఖం మనిషి చేత ఏమైనా చేయిస్తుందని సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ముగ్గురూ మళ్లీ రావడం మొదలుపెట్టారు. నిన్న నేను టీచరమ్మ తెచ్చిన గౌను అంచు మడుస్తూ, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉన్నాను. రేడియో పిన్ని వాళ్లాయన పెట్టుడుపళ్ల గొడవ ఎత్తుకుంది. ముగ్గురూ నవ్వారు. నవ్వి, ఆగి, నా పెదాల వంకే చూశారు.

కిటికీ దగ్గర నవ్వు వినిపించింది.

ఈసారి ఎవరూ లేవలేదు. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి టీచరమ్మ, "మిగతాది కూడా చెప్పు పిన్నీ. కాస్త గట్టిగా చెప్పు," అంది.

భయంగానే ఉంది తల్లీ. కానీ అక్కను లోపల ఒక్కదాన్నే ఉంచి ఆ తలుపుకు తాళం వేయడం నా వల్ల కాదు.

ఇట్లు,
ఇక్కడే ఉండిపోతున్న
నీ అమ్మ