మూడో మైకు

రిపేరు షాపు నుంచి,
బుధవారం, పద్నాలుగో తేదీ

చిరంజీవి చెల్లికి,

అక్క బోలెడు ఆశీస్సులతో, అంతకన్నా కాస్త ఎక్కువ కోపంతో రాయునది. ఇక్కడ నేనూ, మీ బావా, పిల్లలూ కులాసా. నువ్వు కులాసానో కాదో ఫోన్ ఎత్తితే కదే తెలిసేది! అందుకే ఈ ఉత్తరం. కాగితమైతే కట్ చేయలేవుగా.

మీతో పాడే పొడుగావిడ సోమవారం, మీ మైకులన్నీ కలిపేందుకు మీ బావ చేసిచ్చిన మిక్సర్ డబ్బా మోసుకొచ్చింది. మిక్సర్ పాడైందంటే పక్క కొట్టావిడ జార్ ఏదని అడిగింది, నవ్వలేక చచ్చాం. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. మీ ముగ్గురూ కలిసి పాడితే స్పీకర్లో గరగరమంటోందట. నువ్వు ఆపేస్తే మిగతా ఇద్దరూ శుభ్రంగా వినపడుతున్నారట. దాంతో మీ పాటల మాస్టారు, అమ్మాయీ నీ గొంతు పగులుతోంది అనేశారట. నువ్వేమో నెల్లాళ్లుగా రిహార్సల్‌కి వెళ్లకుండా, ఆదివారం కార్యక్రమానికి నా బదులు ఇంకెవరినైనా చూసుకోండి, నేనిక పాడను అని చెప్పేశావట. పదమూడేళ్లుగా పాడుతున్న గొంతు ఉన్నట్టుండి పగిలిందా? నీ మొహం!

మంగళవారం పొద్దున్నే మూత తీశాను. లోపలి కథ తేలికే, విను. మూడు మైకుల దారులూ, కరెంటుకి అడ్డుపడే మూడు రెసిస్టర్ల గుండా వచ్చి ఒకేచోట కలుస్తాయి. అక్కడ ఆప్ ఆంప్ అనే బుల్లి ఐసీ ఉంటుంది. వచ్చినవన్నీ కూడి, ఒక్క మొత్తంగా బయటికి పంపడం దాని పని. కూడి ఊరుకోదు, తిప్పి మరీ పంపుతుంది. ప్లస్ ఇస్తే మైనస్ వస్తుంది. అచ్చం మీ బావే, ఎడ్డెమంటే తెడ్డెం. చెవికి మాత్రం ఆ తేడా తెలియదులే.

ఐసీ పోయిందనుకుని ముందు కొత్తది పెట్టాను. మార్పు లేదు. బ్యాటరీలు చూశాను, రెండువైపులా తొమ్మిదేసి వోల్టులు నిండుగా ఉన్నాయి. అప్పుడు బుద్ధొచ్చి, మైకులన్నీ పీకేసి, ఒక్కో దారిలో పెన్సిల్ సెల్ పెట్టి చూశాను. మొదటి దారిలో ఒకటిన్నర వోల్టు ఇస్తే ఒకటిన్నరే వచ్చింది, మైనస్‌లో. రెండోదీ అంతే. మూడో దారిలో, అంటే నీ మైకు దారిలో, అదే సెల్ పెడితే దాదాపు ఏడు! మీటరు చెడిందేమోనని తట్టి చూశాను. సరే, మూడూ కలిపి ఇస్తే పది దాకా రావాలి కదా? ఎనిమిది దగ్గర చతికిలబడింది, ఇక లేవలేదు. తొమ్మిది వోల్టులతో బతికే ఐసీ పది ఎక్కడి నుంచి తెస్తుంది, పాపం! ఎనిమిది దాటిన పాటంతా అక్కడే తెగిపోతుంది. ఆ తెగడమే మీరు విన్న గరగర. మూడు దారులూ కలిసే చోట మీటరు ఎప్పుడూ సున్నా చూపాలి. అదీ తప్పింది. అంటే ఐసీ చేతులెత్తేసిందన్నమాట.

వాల్యూమ్ తగ్గించినా లాభం లేకపోయిందంది పొడుగావిడ. ఎలా ఉంటుంది? ఆ నాబ్ ఐసీ తర్వాత ఉంది. తెగిన పాటనే చిన్నగా వినిపిస్తుంది.

ఇక రెసిస్టర్లు చూద్దును కదా, మొదటి రెండింటి మీదా గోధుమ, నలుపు, పసుపు పట్టీలు. ఆ రంగుల లెక్కలో లక్ష ఓములు. మూడోదాని మీద ఎరుపు, ఎరుపు, నారింజ. ఇరవై రెండు వేలు! అక్కడ రెసిస్టర్ ఎంత తగ్గితే ఆ గొంతు అంత పెరుగుతుంది. మీ బావకి పసుపుకీ నారింజకీ తేడా తెలియదు కాబోలు, నీ ఒక్కదాని గొంతు నాలుగున్నర రెట్లు పెంచి కూర్చోబెట్టారు మహానుభావులు. ఏమైనా అనాలంటే ఆయన్నే అను, నవ్వుతూ పడతారు.

ఇప్పుడు మూడూ లక్షవే. సెల్లులు మూడూ కలిపితే చక్కగా నాలుగున్నర. సున్నా ఉండాల్సిన చోట సున్నా. తర్వాత మైకులు పెట్టి పొడుగావిడా, నేనూ, మీ బావా గొంతెత్తి పాడాం. ఐసీ తట్టుకుంది గానీ వీధి తట్టుకోలేకపోయింది.

కాబట్టి చెల్లీ, పగిలింది నీ గొంతు కాదు. మాస్టారికి ఫోన్ చేసి లెక్కంతా అప్పజెప్పాను. ఆయన నాలుక్కరుచుకుని, నేనే వెళ్లి అమ్మాయిని పిలుచుకొస్తానన్నారు. నీ మొండితనం నాకు తెలుసు కనక డబ్బాని మీ బావకిచ్చి నీ ఇంటికే పంపుతున్నాను. నువ్వు మోసుకెళ్లకపోతే వాళ్లకి మైకులుండవు. ఏం చేస్తావో చూస్తాను!

నీ పాట కోసం చెవులు కాయలు కాసిన
నీ అక్క

తాజా కలం: కవరు అంటించబోయి ఆగిపోయాను. మీ బావ ఏ పాపం ఎరగరే. ఆయన మూడూ లక్షవే వేశారు. మీకు డబ్బా ఇచ్చే ముందు రోజు, ఆయన టీకి వెళ్లినప్పుడు మూడోది పీకి చిన్నది పెట్టింది నేను. ఎప్పుడూ నిన్ను వెనక నిలబెడతారు, నా చెల్లి గొంతు హాల్లో చివరి కుర్చీ దాకా వినపడాలనుకున్నాను. నీ మైకు ఒక్కటే పెట్టి చూసి మురిసిపోయాను గానీ, మూడూ కూడితే ఎంతవుతుందో చూడలేదు. మీటరు తట్టానని రాశాను కదా, తట్టలేదు. ఏడు కనపడగానే అది నా నిర్వాకమేనని తెలిసిపోయింది. నా సోల్డరింగ్ అతుకు ఆయనకి తెలియదా? చూడగానే గుర్తుపట్టి, నా మీద వేసి రాసెయ్ అన్నారు. రాసేశాను గానీ మనసొప్పలేదు. నెల్లాళ్లు నీ పాట ఆపింది నేనేనే. క్షమించు. ఆ ఎరుపు, ఎరుపు, నారింజని ఈ కవర్లోనే పెట్టాను. ఆదివారం చివరి కుర్చీలో నేనే కూర్చుంటాను. ముగ్గురూ సమానంగానే పాడండి, అందులో నీ గొంతు నేను పట్టుకుంటాను.