ఎడమకాలి మేజోడు

మార్చి 3
పాప పుట్టింది. ఎడమ కాలికి ఆరు వేళ్లు. చిటికెన వేలికి ఆనుకుని ఇంకొకటి. రెండింటికీ మొదలు ఒకటే. ఎక్స్‌రే చూసి డాక్టరు, లోపల ఎముక ఉంది, ఏడాది నిండాక ఆపరేషన్ చేద్దాం, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు.

అత్త నవ్వేసింది. మీ ఆయన చేతికీ ఇలాగే ఉండేది, దారం కట్టాను, వారంలో రాలిపోయింది, ఏ కత్తీ పడలేదే పిల్లా అంది.

ఆయన చేతి అంచున బియ్యపుగింజంత మచ్చ ఉంది. ఇన్నాళ్లూ పుట్టుమచ్చ అనుకున్నాను.

ఏప్రిల్ 19
ఆయన బూట్లు కుడతాడు. పిల్లల బూట్లకి బజారంతటికీ ఆయనే. ఇవాళ షాపు నుంచి బూటు కుట్టే చిన్న చెక్క అచ్చు తెచ్చి పాప పాదం పక్కన పెట్టి చూశాడు. ఏ అచ్చుకీ ఒదగదన్నాడు. కాలికి తగ్గట్టు అచ్చు చెక్కండి అన్నాను. బడిలో పిల్లలు ఊరుకుంటారా పిచ్చిదానా అన్నాడు.

జూన్ 2
మళ్లీ డ్యూటీలో చేరాను. బస్సు డిపోలో అదే టికెట్ కౌంటరు. పాపని అత్త చూసుకుంటోంది.

జూన్ 6
పాప గుక్కపట్టి ఏడుస్తోంది. కడుపునొప్పంటుంది అత్త. ఇంత ఉక్కలో మేజోళ్లెందుకత్తయ్యా అన్నాను. ఫ్యాను గాలికి కాళ్లు చల్లబడుతున్నాయి, పిల్లల్ని పెంచడం నాకు నేర్పుతావా అంది. మేజోళ్లు అలాగే ఉంచేశాను.

జూన్ 7, మధ్యాహ్నం
హాస్పిటల్ బెంచీ మీద రాస్తున్నాను. పొద్దున పాప ఒళ్లు కాలిపోతోంటే తడిగుడ్డతో తుడుద్దామని మేజోడు లాగాను. వాసన. ఆరో వేలు నల్లబడింది. పక్కది ఉబ్బి ఊదారంగుకి తిరిగింది. రెండు వేళ్ల మొదట్లో, బూట్లు కుట్టే మైనం పట్టించిన దారం. ఆ ముడి నాకు తెలుసు. లాగేకొద్దీ బిగుస్తుంది.

ఆయన్నే అడిగాను. అమ్మ పట్టుకుంది, నేను కట్టాను అన్నాడు. ఎముక ఉందని మీకు చెప్పానుగా అన్నాను. నా ఆరో వేల్లోనూ ఉండే ఉంటుంది, రాలిపోలేదా అన్నాడు.

డాక్టరు కేకలేశాడు. ఉత్త చర్మమైతే రాలుతుందయ్యా, ఎముకున్నది కుళ్లుతుంది అని.

జూన్ 8
జ్వరం దిగలేదు. చీము పాదంలోకి పాకిందట. కాలు దక్కుతుందా అన్నాను. ముందు పిల్ల దక్కనీ తల్లీ అన్నాడు డాక్టరు.

జూన్ 9
పాపని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు. అత్త నా పక్కన కూర్చోబోయింది. ఆ చోట బ్యాగు పెట్టాను. గోడవారన నిలబడింది.

జూన్ 9, సాయంత్రం
బతికింది. రెండు వేళ్లు తీసేశారు. నాలుగున్నాయి.

మార్చి 3
ఏడాది నిండింది. ఆయన బూట్లు కుట్టి తెచ్చాడు. రెండూ మామూలు అచ్చు మీదే. ఎడమదానిలో చిటికెన వేలి చోట దూది కూరాడు.

సరిగ్గా సరిపోయాయి.