శ్యామ్‌సుందర్, కొత్త ఆర్డర్

ఆగస్టు 18, సోమవారం. ఉదయం 5.10

లేచాను! అలారం కంటే ముందే! (పాలవాడి గంట లేపింది. అయినా లెక్కే.)

సంకల్పం: ఇరవై ఒక్క రోజుల్లో మా దుకాణం యాప్‌కి వాయిస్ కమాండ్లు పెట్టాలి. వేలితో నొక్కే పని ఉండకూడదు. నోటితో చెబితే చాలు, ఆర్డర్ రాసుకోవాలి.

కారణం: నాంపల్లి కోర్టు ఎదురుగా మాది రబ్బరు స్టాంపుల దుకాణం. నాయిన పోయి నాలుగేళ్లు. అప్పటినుంచీ కౌంటర్ అమ్మది. అమ్మ కళ్లలో నీటికాసులు. ఫోన్‌లో బటన్లు సరిగ్గా కనబడవు. పోయిన వారం ఒకదాని బదులు ఒకటి నొక్కింది. పిల్లల డాక్టరు స్టాంపు నోటరీకి పోయింది, నోటరీ స్టాంపు పిల్లల డాక్టరుకు పోయింది. నోటరీ రెండు అఫిడవిట్ల మీద వేసేశాక చూసుకున్నాడు.

నిన్న అన్న శ్రీపతి కాచిగూడ నుంచి వచ్చి తీర్పు చెప్పాడు.

"ఇగ చాలమ్మా. సెప్టెంబర్ ఎనిమిది నుంచి కౌంటర్ల మా బామ్మర్ది అంజన్ కూసుంటడు. నువ్వు ఇంట్ల ఉండు."

"ఇంట్ల ఉండి ఏం జెయ్యాలెరా? గోడలతోని ముచ్చట వెట్టాల్నా?"

అంతే అంది అమ్మ. ఆ తర్వాత రాత్రి అన్నం సగమే తింది. అన్నకు ఫోన్ చేశాను. "మూడు వారాలు టైమియ్యి అన్నా, అమ్మ బటన్ ముట్టకుండ యాప్ నడిపిస్తది" అనేశాను. గన్‌ఫౌండ్రీలో పదిహేనేళ్లుగా పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఈ యాప్ రాసింది కూడా నేనే. ఇదెంత పని!

నియమాలు:
1. రోజూ అయిదుకు లేవడం.
2. రోజుకో కమాండ్.
3. పని అయ్యేదాకా ఇరానీ హోటల్ గడప తొక్కను.
4. అమ్మ మీద విసుక్కోను.

ఆగస్టు 19, మంగళవారం. ఉదయం 5.20

ఇలాంటి యాప్‌ని ముందు పేరు పెట్టి పిలవాలి. అప్పుడది లేస్తుంది. తర్వాత పని చెప్పాలి. ఏం పేరు? దుకాణం పేరే ఉంది కదా. శ్యామ్‌సుందర్ స్టాంప్స్. నాయిన పేరు!

"శ్యామ్‌సుందర్" అంటే లేస్తుంది. "కొత్త ఆర్డర్" అంటే రాసుకుంటుంది. రాస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు.

పేరు నమోదు చేయించాను. ఖాతా అన్న పేరు మీద ఉంది, ఓటీపీ అన్నకు పోయింది. అడగ్గానే చెప్పాడు. అంతా శుభసూచకమే.

ఆగస్టు 20, బుధవారం. మధ్యాహ్నం 12.30

యాప్‌తో వచ్చిన గొంతు రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉంది. తీసేసి నా గొంతే పెట్టాను. పిలవగానే "ఔ, చెప్పు" అంటుంది.

దుకాణంలో వినిపించాను. అప్పుడే హెన్రీగారు వచ్చారు. కోర్టులో టైపిస్టు, ముప్పై ఏళ్ల గిరాకీ, నాయినకు దోస్తు. విని కుర్చీలో కూర్చుండిపోయారు.

"అరే విజయేందర్, మీ నాయిన గొంతే గదా! తలెత్తకుండ గిట్లనే అనేటోడు. ఔ, చెప్పు, అని."

అమ్మ కౌంటర్ అద్దం తుడిచింది. పొద్దున్నే తుడిచిన అద్దం అది.

ఆగస్టు 22, శుక్రవారం. ఉదయం 6.05

(గంట ఆలస్యం. గంట పెద్ద లెక్క కాదు.)

యాప్ అమ్మ గొంతును గుర్తుపట్టాలని అరవై మాటలు చెప్పించి, "శశికళ" అని అమ్మ పేరు మీద రికార్డు చేశాను. "కొత్త ఆర్డర్." "రెడీ అయింది." "ఇచ్చేసినం." ఖంగుమని చెప్పింది! ఇక మిగిలింది ఒక్కటే, యాప్‌ని లేపే పేరు.

"రేపు జెప్తలే బిడ్డా" అంది.

ఆగస్టు 25, సోమవారం. రాత్రి 7.30

పేరు ఇంకా రికార్డు కాలేదు. అమ్మ చెప్పిన కారణాలు:

శనివారం: గొంతు బొంగురుపోయింది.
ఆదివారం: దుకాణం సెలవు, ఇంట్లో ఎందుకు ఆ లొల్లి.
ఇవాళ: "జెప్పిన గదా. దానికి ఇనవడలే."

లాగ్ (యాప్ విన్న పిలుపుల చిట్టా) చూశాను. "శ్యామ్‌సుందర్" అని నేను పిలిచింది 114 సార్లు. అమ్మ 0. అంటే తప్పు మైకుది. సాయంత్రం జగదీష్ మార్కెట్‌కు పోయి కొత్త మైకు తెచ్చాను. దారిలో ఇరానీ హోటల్ ఉంది. గడప తొక్కలేదు, బయట నిలబడి చాయ్ తాగాను.

ఆగస్టు 27, బుధవారం. ఉదయం 8.40

వినాయక చవితి. సందు మొదట్లో మండపం, దానికి నాలుగు స్పీకర్లు. ఈ చప్పుడులో యాప్ ఎవరి మాటైనా వింటుందా? ఇది సాకు కాదు, సైన్సు. పనికి సెలవు. ఉండ్రాళ్లు పదకొండు.

ఆగస్టు 28, గురువారం. సాయంత్రం 6.00

చప్పుడు వడకట్టే కోడు రాశాను. నాలుగు గంటలు పట్టింది. ఇప్పుడు స్పీకర్ పక్కన నిలబడి గుసగుసలాడినా యాప్ వింటుంది! అమ్మ ముందు పెట్టాను.

అమ్మ లెక్క: 0.

నాలుగో నియమం పోయింది. అరిచాను.

"ఒక్క పేరమ్మా! ఒక్క పేరు జెప్పనీకి ఏమైతది నీకు?"

"నాతోని గాదు బిడ్డా" అంది మెల్లగా. లోపలికి పోయి ఇంకు ప్యాడ్లు సర్దుకుంది. సిగ్గేసింది నాకు. అయినా అర్థం కాలేదు.

ఆగస్టు 30, శనివారం. ఉదయం 9.15

మా ఆవిడ శ్రీనిధి దోసె వేస్తూ నా బాధంతా విన్నది. దోసె తిప్పి అడిగింది.

"విజయ్, నిన్ను నేను దినాం నలభైసార్లు పేరు వెట్టి పిలుస్త. అత్తమ్మ మామయ్యను ఒక్కసారన్న పిలిచిందా?"

ఆలోచించాను. అమ్మ నాయినను "ఇగో, ఇంటున్నరా?" అని పిలిచేది. దుకాణం పేరు అడిగితే "స్టాంపుల దుకాణం" అనేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు రేషన్ ఆఫీసులో మీ ఆయన పేరేంది అని అడిగారు. అమ్మ నా భుజం తట్టింది. నేను చెప్పాను. ఆ తర్వాత ప్రతి ఆఫీసులోనూ నేనే చెప్పాను. అది నా డ్యూటీ అనుకున్నాను!

నలభై ఏళ్లు. ఒక్కసారి కూడా వినలేదు. పోయాక కూడా భర్త పేరు నోట రానివ్వని మనిషికి, ఆ పేరు పెట్టి పిలిచి పని చెప్పే యాప్ తయారుచేశాను. "శ్యామ్‌సుందర్, ఆపు" అనే కమాండ్ కూడా ఉంది అందులో.

దోసె చల్లారిపోయింది.

సెప్టెంబర్ 1, సోమవారం. మధ్యాహ్నం 1.00

మార్గం: పేరు మార్చాలి. నమోదైన పేరుకు తప్ప యాప్ లేవదు. మార్చాలంటే అన్న ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఫోన్ చేశాను.

"యాప్ పేరు 'ఇగో ఇంటున్నరా' అని పెడ్తనన్నా."

"మంచిగున్నది. బోర్డు మీద గూడ గదే రాపియ్యి."

"అన్నా, అమ్మ నాయిన పేరు..."

"నాయిన పేరు తీస్తె ఆ దుకాణంల ఇంకేమున్నదిరా? ఓటీపీ లేదు, ఏం లేదు."

ఫోన్ పెట్టేశాడు. అమ్మ కూడా అన్న వైపే. "ఆ పేరు ఉండనియ్యి బిడ్డా. నేను పిలువకుంటె ఏంది, లోకం పిలుస్తది."

పేరు తీయడానికి వీల్లేదు. పేరు చెప్పడానికి వీల్లేదు. ఇరానీ హోటల్. లోపలే కూర్చున్నాను.

సెప్టెంబర్ 2. లేవలేదు.

సెప్టెంబర్ 3. జ్వరం లాంటిది. జ్వరం కాదు, లాంటిది.

సెప్టెంబర్ 4. ల్యాప్‌టాప్ తెరిచాను. అప్‌డేట్ అడిగింది. పాపం, దాని పని అది చేసుకోనీ అని మూసేశాను. ఇరానీ హోటల్ (2).

సెప్టెంబర్ 6, శనివారం. నిమజ్జనం. మొజంజాహీ మార్కెట్ దారి బంద్. పది రోజులు పూజ చేసిన దేవుణ్ణే నీళ్లలో వదిలేస్తున్నారు, నా సంకల్పం ఎంత. అమ్మ టిఫిన్ పెట్టి, "ఫికర్ జెయ్యకు" అంది. ఓడిపోయింది నేను, ఇంటికి పోయేది తను. ధైర్యం చెప్పేది కూడా తనే.

సెప్టెంబర్ 8, సోమవారం. సాయంత్రం 5.00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండింటికి అన్న వచ్చాడు. వెనక అంజన్, చేతిలో టిఫిన్ డబ్బా, మొహంలో ఏడుపు. నేను క్షమాపణ సిద్ధం చేసుకున్నాను.

"ఏదమ్మా, బటన్ ముట్టకుండ ఒక ఆర్డర్ రాయి, చూస్త" అన్నాడు అన్న.

కౌంటర్ దగ్గర హెన్రీగారు ఉన్నారు. అమ్మ ఫోన్‌ని ఆయన మొహం ముందుకు తోసింది.

"జర దుకాణం పేరు జెప్పున్రి."

"శ్యామ్‌సుందర్" అన్నారు హెన్రీగారు.

"ఔ, చెప్పు" అంది యాప్.

"కొత్త ఆర్డర్. హెన్రీ. ట్రూ కాపీ. రెండు" అంది అమ్మ. రాసుకుంది. తప్పు లేదు.

వెనక ఒక వకీలు దగ్గరి గుమాస్తా. ఎవరూ అడక్కుండానే వంగి "శ్యామ్‌సుందర్" అని, తన ఆర్డర్ చెప్పడానికి పక్కకు నిలబడ్డాడు. ఆ వెనకామె కూడా అంతే. వారం నుంచి ఇలాగే నడుస్తోందట! కోర్టు గుమాస్తాలందరికీ తెలుసు. నాకు తెలియదు. నేను ఇరానీ హోటల్‌లో ఉన్నాను.

అన్న ఒప్పుకోలేదు. "ఇదేం పద్ధతి? ఎవ్వరు లేనప్పుడు ఎట్ల మరి?"

"ఎవ్వరు లేకుంటె ఆర్డర్ యాడికెల్లి వస్తదిరా?"

నేను పదిహేనేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకూ తట్టలేదు.

అమ్మ ఫోన్ అన్న ముందుకు జరిపింది. "నువ్వు జెప్పు. మీ నాయిన పేరే గదా."

అన్న చెప్పాడు. "ఔ, చెప్పు" అని వినగానే మొహం తిప్పుకొని బయట ట్రాఫిక్ చూశాడు. తర్వాత అంజన్‌తో, "నువ్వు పోరా ఇంటికి" అన్నాడు. అంజన్ అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

కౌంటర్ అమ్మదే!

సెప్టెంబర్ 9, మంగళవారం. మధ్యాహ్నం 2.30

లాగ్ తెరిచాను. ఎన్ని పిలుపులు, ఎవరి గొంతు, అన్నీ ఉంటాయి అందులో. తెలియని గొంతు. తెలియని గొంతు. తెలియని గొంతు. మొత్తం నలభై ఒకటి.

మధ్యలో ఒకటి. సెప్టెంబర్ 3, మధ్యాహ్నం 1.50. షట్టర్ సగం దించి అమ్మ అన్నం తినే వేళ. దుకాణంలో ఎవరూ ఉండరు.

గొంతు: శశికళ.
"శ్యామ్‌సుందర్."
"ఔ, చెప్పు."
"ఏం లేదు. ఊకెనే పిలిచిన."
"క్షమించండి, ఈ కమాండ్ లేదు."

4న కూడా ఉంది, 1.50కి. 5న ఉంది. నిన్న కూడా ఉంది. ప్రతిరోజూ అదే మాట. ప్రతిరోజూ ఈ వెధవ యాప్ అదే జవాబు చెప్పింది.

ఎవరికీ చెప్పలేదు. అమ్మకు అసలే చెప్పను. లాగ్‌లోంచి ఆ వరసలు తీసేశాను, ఇకముందు 1.50 నుంచి 2.15 దాకా ఏదీ రాసుకోవద్దని కోడు మార్చాను. కాసేపు ఏడ్చాను.

సంకల్పం (కొత్తది). రేపటి నుంచి ఇరవై ఒక్క రోజులు.
1. అయిదుకు లేవడం.
2. ఇరానీ హోటల్ బంద్. బయట నిలబడి తాగినా తాగినట్టే.
3. మొదటి కమాండ్: "ఊకెనే పిలిచిన."

దానికి జవాబు నా గొంతుతో రికార్డు చెయ్యాలి. నాయిన అయితే ఏమనేవాడో హెన్రీగారిని అడగాలి.