కడిగిన కాళ్ళే మళ్ళీ కడిగారు

అమ్మా,

దగ్గు తగ్గింది. ఒళ్ళు మండిపోతోందంటే జ్వరమనుకోకు, కోపం.

ఏడాది సేవకని ఈ గుడికొచ్చిన నాకు పవిత్ర గురువారం ఏం పని చెప్పారో తెలుసా? ఏసుప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు, ఆ సాయంత్రం పూజలో ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు కదా. ఆ కాళ్ళను ముందే వెనకగదిలో సబ్బు పెట్టి తోమాలట! సంఘం పెద్దాయన హుకుం. సరే, తోమాను. సమాధులు తవ్వే తాత వంతు రాగానే పెద్దాయన ఆ మడమల పగుళ్ళు చూసి, "ఇవి ఎంత రుద్దినా పోవు, ఫొటోలో బాగోదు. వచ్చే ఏడు కూర్చుందువుగానిలే" అని లేపేసి, తన అల్లుణ్ణి కూర్చోబెట్టాడు. తాత తడికాళ్ళతోనే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. "మట్టే లేకపోతే ఇంక కడగడమెందుకండీ?" అంటే నన్ను నోరు మూసుకోమన్నాడు.

పూజయ్యాక ఏమీ తెలియని ఫాదర్ గారు, "మనవాళ్ళు ఎంత శుభ్రంగా వచ్చారో చూశావామ్మా!" అని మురిసిపోయారు. జరిగిందంతా చెప్పేశాను. కాళ్ళు కడిగిన పళ్ళెం దగ్గరికెళ్ళి, మట్టి జాడే లేని ఆ నీళ్ళు వంగి చూశారు.

చెల్లికి కళ్ళజోడు మార్పించారా? నా నీలం స్వెట్టర్ పంపు. నా ఏడాది ముగిసే ఆదివారం నువ్వూ నాన్నా తప్పకుండా రండి. తాపీపనికి పగిలిన మడమలకు మందు రాసి నున్నగా చేసుకురావద్దని నాన్నకు చెప్పు. అలాగే ముందు వరసలో, తాత పక్కన కూర్చోబెడతాను. ఎవరు లేపుతారో చూస్తాను.

ఆ కాళ్ళకే నా దణ్ణం.

నీ పెద్దది