ముందే చెల్లించిన ముడుపు

ప్రమీలా,

నువ్వు నాట్ల నుంచి వచ్చేసరికి మేం నెల్లూరు బస్సెక్కి ఉంటాం. అక్కణ్ణుంచి మద్రాసు రైలు. గేదెకు కుడితి పెట్టాను. అత్తయ్య మజ్జిగలో ఉప్పు వేయకు. పాపకు రోజూ నువ్వే జడ వెయ్యి, నీ చెయ్యి అలవాటు కానీ.

అత్తయ్య నీకు చెప్పింది సగమే. పోయిన నెల నా రొమ్ములో గడ్డకు తీసిన ఎక్సురేలో ఏదో మసకగా ఉందనీ, చెడ్డదని చెప్పలేం, కాదనీ చెప్పలేమనీ డాక్టరమ్మ అంది. ఇప్పుడు చిన్న ముక్క కోసి పరీక్ష చేస్తారట. అత్తయ్య మొదటి మాటే పట్టుకుని, "చెడ్డదని చెప్పలేదు గదా, ఇంకేందే నీ దిగులు?" అని, నాకోసం కట్టిన ముడుపు తీసుకుపోయి నరసింహస్వామికి చెల్లించి వచ్చింది. ఆమెను ఏమీ అనకు, సంతోషం కొద్దీ చేసింది. కానీ మొక్కు తీర్చేశాక మళ్ళీ అదే కోరిక ఏ ముఖంతో అడగను? నిన్న పసుపుగుడ్డ చేతిలోకి తీసుకుని కూడా కట్టలేకపోయాను. ఈ నెలలో గడ్డ పెరిగింది. మీ బావగారికి చెప్పలేదు.

ఆయన పిలుస్తున్నారు.

రాఘవక్క

పసుపుగుడ్డ దేవుడి గూట్లో ఉంది. మనసైతే నువ్వు కట్టు. నువ్వింకా స్వామిని ఏమీ అడగలేదు కదా.