తీసేసిన మూడో చరణం

దోహా, అల్ సద్
2019 జనవరి 20

ప్రియమైన స్వర్ణా,

నీ నంబరూ అడ్రసూ మీ అన్నయ్య దగ్గర సంపాదించాను. పదిసార్లు నొక్కబోయి ఆగాను. "ఎవరూ?" అని నువ్వంటే తట్టుకోలేను. ఉత్తరానికి ఆ భయం లేదు. చించి పారేసినా నాకు కనపడదు.

నేను భానుమతిని. కాకినాడ కాలేజీలో మూడేళ్ళూ నీ పక్కన నిలబడి పాడిన మొండిఘటాన్ని. మా ఆయన ఆనందరావుగారి ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. వరల్డ్ కప్ పుణ్యమా అని ఊరంతా తవ్వేశారు, నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండదు. మా అమ్మాయి అమ్ము పదో తరగతి. అమెరికాలో నల్లవాళ్ళ మీద జరిగిన దాడులకి ఎదురు తిరిగి పుట్టిన పాటల మీద స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. అది ఒక్కొక్కటే పెట్టి వింటుంటే నేను వంటింట్లో పోపు మాడబెట్టుకుని నిలబడిపోయాను. మన పాట గుర్తొచ్చిందే!

ఇంగ్లీషు మాష్టారు టేపు తెచ్చి వినిపించిన రోజు నీకు గుర్తుందా? చప్పట్లూ కాళ్ళ తాళమూ తప్ప వేరే వాయిద్యం లేదు. ఓ నల్ల కుర్రాణ్ణి గుంపుగా కొట్టి చంపితే, కోర్టు కాగితాల్లోకి ఎక్కని వాడి పేరు వాళ్ళవాళ్ళు పాటలోకి ఎక్కించుకున్నారని మాష్టారు చెప్పారు. నువ్వు రెండ్రోజుల్లో దాన్ని తెలుగు చేసి తెచ్చావు. లైబ్రరీ మెట్ల మీద వేయించిన బఠాణీలు నములుతూ సాధన చేసేవాళ్ళం. పై స్థాయిలో నీ గొంతు లేచిందంటే ఆఫీసు గుమాస్తాలు కిటికీల దగ్గరకొచ్చేవారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

నువ్వు తెచ్చినవి మూడు చరణాలు. మూడోదాంట్లో కాలవగట్టున సైకిలు పడి ఉంటుంది, చక్రం ఇంకా తిరుగుతుంటుంది. "అమెరికాలో కాలవగట్టు ఎక్కడిదే? మూలంలో లేని సొంత పైత్యం ఎందుకు?" అని అందరి ముందూ నవ్వి, పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. పోటీలో రెండు చరణాలే పాడాం, షీల్డు వచ్చింది. ఆ తర్వాత నువ్వు మళ్ళీ పాడలేదు. నా పొగరుకి అలిగావనుకున్నాను. బతిమాలడానికి నామోషీ పడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా అది నన్ను బాధిస్తూనే ఉంది.

ఏప్రిల్లో ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభ. ఏదైనా పాడమన్నారు. ఆ పాట పాడాలని ఉంది. మాటలు నీవి కాబట్టి నువ్వు సరేనంటే పాడతాను, వద్దంటే మానేస్తాను. తిట్టినా సరే, జవాబు మాత్రం రాయవే.

నీ
భాను

* * *

అమలాపురం
ఫిబ్రవరి 9

భానూ,

చించలేదు. రెండుసార్లు చదివాను. అలగడానికి నేనేమైనా కొత్తల్లుడినా?

మూడో చరణం అమెరికాది కాదు. మా నూకయ్య బాబాయిది. మా పేట మనిషి పెద్దవీధిలో సైకిలు దిగకుండా వెళ్ళాడని కాలవగట్టున పట్టుకుని కొట్టి చంపారు. అప్పుడు నేను ఇంటర్. పరిగెత్తుకెళ్ళి మొదట చూసింది సైకిలునే. కేసు లేదు, పేపర్లో ముక్క లేదు.

ఆ సంగతి పాట కట్టి పాడతానంటే మన కాలేజీ ఒప్పుకునేదా? అమెరికా వాళ్ళ కష్టమంటే మాత్రం అందరూ కళ్ళు తుడుచుకునేవారు. అందుకని బాబాయిని ఆ పాటలో దాచాను. నీకైనా చెప్పాల్సింది. చెబితే మర్నాటి నుంచి నా పక్కన కూర్చుంటావో లేదోనని భయపడ్డాను. నువ్వు తెలియకే కొట్టేశావు. అయినా షీల్డు పట్టుకుని ఇంటికెళితే, "మీ బాబాయిని పాడావా?" అని పిన్ని అడిగింది. నా గొంతు అప్పుడు పోయింది, నీ మీద కోపంతో కాదు, సిగ్గుతో.

చరణం వేరే కాగితం మీద రాసి పెట్టాను. పాడితే మూడూ పాడు. ముందు ఆయన పేరు చెప్పి పాడు. అంత ధైర్యం లేకపోతే అసలు పాడకు.

స్వర్ణ

* * *

దోహా
ఏప్రిల్ 14

స్వర్ణా,

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు అన్నం సహించలేదు. మూడేళ్ళు నీ పక్కనే ఉండి నేను తెలుసుకున్నదేమిటి? క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

"ఉద్యోగం చేసుకునే చోట మనకెందుకు? రెండు చరణాలతో సరిపెట్టు" అన్నారు ఈయన. "అయితే మీరే పాడండి" అన్నాను. మొన్న శుక్రవారం అల్ వక్రాలో సభ. నూకయ్యగారి పేరూ ఊరూ చెప్పి, రాసింది నా స్నేహితురాలు స్వర్ణ అని మైకులో చెప్పి మూడూ పాడాను. కొద్దిమందే చప్పట్లు కొట్టారు.

స్టేజి దిగుతుంటే, నా తర్వాత కోలాటం వేయాల్సిన లేబర్ క్యాంపు మనుషుల్లోంచి ఒకాయన ఎదురొచ్చాడు. పేరు జలంధర్, జగిత్యాల వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి.

"మేడం, గా పాటల ఇంకొక పేరు పడుతదా?"

ఎవరిదని అడిగాను.

"మా రూమ్ల సురేందర్ అని ఉండె. డ్యూటీ నుంచి అచ్చి పండుకుండు, పొద్దుగాల లేవలె. శవం పెట్టె ఇంటికి వోయింది. ఆయన పేరు మైకుల ఎవ్వలు చెప్పలె."

కోలాటం అయ్యాక వెనక కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన చెబుతుంటే నేనూ అమ్మూ రాసుకున్నాం. సురేందర్ పచ్చిపులుసు బాగా చేసేవాడట. కూతురికి ఫోన్లో ఎక్కాలు అప్పచెప్పించుకునేవాడట. చెబుతూ చెబుతూ జలంధర్ కళ్ళు తుడుచుకున్నాడు. చరణం కట్టి వినిపించాను. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది, "పండుకుండు" అన్నది తీసి "నిదురించెను" అని పెట్టాను.

"అట్ల వద్దు మేడం" అన్నాడు. "ఆయన పండుకుండు."

ఆయన చెప్పినట్టే రాశాను. కాగితం దీంతో పంపుతున్నాను. పై స్థాయి నాకు అందదు, అది నీ గొంతుకే అందుతుంది. పాడి ఫోన్లో రికార్డు చేసి పంపితే జలంధర్ సురేందర్ ఇంటికి పంపుతాడట. పాడవే, స్వర్ణా. ఒక్క మాట కూడా తీసేయలేదు.

నీ
భాను